పగటి ఎండను రాత్రికి దాచుకుందాం

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో చలి అంటే ఢిల్లీ వాళ్లు నవ్వుతారు. "14 డిగ్రీలకే స్వెటర్లా?" అంటారు. నవ్వనివ్వండి. వాళ్లే డిసెంబరులో ఇక్కడ ఏ అద్దె ఇంట్లోనో దిగితే, తెల్లారగట్ల మంచం మీంచి కాలు కింద పెట్టలేక చెప్పులు వెతుక్కుంటారు. బేగంపేటలో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు నమోదైంది. అంత చలి ఏటా రాదు లెండి. నగరం నడిబొడ్డున రాత్రిపూట మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. శివార్లలో ఇంకాస్త దిగుతుంది.

మన ఇళ్లన్నీ మే నెలను తలుచుకుని కట్టినవి. నేలకు తాండూరు బండలో, షాబాద్ బండలో, గ్రానైటో, టైల్సో వేస్తాం. ఎండాకాలంలో ఆ నేల మీద చాప కూడా లేకుండా పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. జనవరిలో అదే నేల పగబట్టినట్టు ఉంటుంది. గదిలో చెక్క బల్లా, బండా ఒకే వేడిలో ఉన్నా, రాయి మన అరికాలి వేడిని చప్పున లాగేస్తుంది. అందుకే బండ జివ్వుమంటుంది, చెక్క అనదు. చాలామంది చెవులకు మఫ్లర్ చుట్టుకుని, వట్టి కాళ్లతో ఇల్లంతా తిరుగుతూ "చలి, చలి" అంటుంటారు. ముందు పాదాల సంగతి చూడాలి.

హాలంతా కార్పెట్ పరవక్కర్లేదు. మంచం దిగే చోట ఒకటి, వంటగట్టు ముందు ఒకటి, పిల్లలు చదువుకునే చోట ఒకటి మందపాటి నూలు జంపఖానా వేస్తే చాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉతుక్కోవచ్చు, ఆరేసుకోవచ్చు. దుమ్ము పట్టే సింథటిక్ కార్పెట్ కన్నా, ఆయాసం ఉన్నవాళ్ల ఇంట్లో ఇదే మేలు.

ఇంకొకటుంది, గొంగడి. తెలంగాణ పల్లెల్లో కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసేది. ఉన్ని దారానికి చింతగింజల గంజి పెట్టి నేస్తారు కాబట్టి కొత్తది అట్టలా బిర్రుగా ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. దాన్ని కప్పుకోలేక అటక మీద పడేసినవాళ్లు దయచేసి కిందికి దించండి. నేల మీద పడుకునే అలవాటున్న పెద్దవాళ్లకు గొంగడి పరిచి, దాని మీద పరుపు, ఆపైన పాత చీరల బొంత వేయండి. ఉన్ని పోగుల మధ్య నిలిచే గాలే నేల చలిని పైకి రానివ్వదు. ఎన్ని రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గడం లేదంటే, చాలాసార్లు ఆ చలి కిందినుంచి వస్తున్నదే.

ఇక అసలు విషయానికొస్తాను. చలికాలంలో కూడా మనకు మధ్యాహ్నం బయట 28 డిగ్రీల దాకా ఉంటుంది. లోపల మాత్రం శాలువా కప్పుకుని కూర్చుంటాం. ఎందుకంటే చలి అని చెప్పి పొద్దస్తమానం కిటికీలు మూసేస్తాం. అంటే రాత్రి చలిని బయటికి పోనివ్వకుండా కాపలా కాస్తున్నామన్నమాట! ఎండాకాలంలో ఏం చేస్తామో దానికి తలకిందులుగా చేయాలి. పది గంటలకు, పొద్దుటి పొగా మంచూ తగ్గాక, తలుపులు, కిటికీలు, కర్టెన్లు అన్నీ తీసేయండి. ముఖ్యంగా దక్షిణం వైపువి. డిసెంబరు చివర్లో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదికి రాడు. దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు. ఎండాకాలంలో కిటికీ మీది సజ్జ ఆపేసే ఎండ, ఇప్పుడు ఆ సజ్జ కిందనుంచి వాలుగా గదిలోకి వస్తుంది. బండల మీద పడనివ్వండి. పగలు వేడెక్కిన నేల, గోడ పొద్దుపోయాక కాస్సేపైనా ఆ వేడిని తిరిగిస్తాయి. దిండ్లు, రజాయిలు కూడా అదే ఎండలో వేసేయండి.

సాయంత్రం ఐదు కొట్టేసరికి మాత్రం అన్నీ మూసేయాలి. డిసెంబరులో ఆరుకు ముందే పొద్దుగూకుతుంది. ఆలస్యం చేస్తే చలితోపాటు దోమలూ వస్తాయి, మన దోమల సంగతి చెప్పక్కర్లేదు కదా. అపార్ట్‌మెంట్లలో మెయిన్ డోర్ కింద వేలు దూరేంత సందు ఉంటుంది. పాత టవల్ చుట్టగా చుట్టి అక్కడ పెట్టండి. పల్చటి కర్టెన్ల వెనక పాత కాటన్ చీర రెండు మడతలు వేసి తగిలించండి. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు.

దీపం మాట కూడా. హాల్లో తెల్లటి ట్యూబ్‌లైట్ వేస్తే ఇల్లు బస్టాండులా ఉంటుంది. ఎల్‌ఈడీ బల్బు కొనేటప్పుడు డబ్బా మీద చూడండి: 6500 కెల్విన్ అంటే తెల్లటి వెలుగు, 2700 అంటే పాతకాలం బల్బులాంటి పసుపు వెలుగు. ఆ పసుపు బల్బు ఒక్కటి మూలన పెడితే గది వేడెక్కదు గానీ, మనిషికి వెచ్చగా అనిపిస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్, అదే మన నుమాయిష్, మామూలుగా జనవరి 1న మొదలవుతుంది. అక్కడ కశ్మీరీ శాలువా బేరమాడి కొనేసరికి సగం చలి అయిపోతుంది, అది వచ్చే ఏటికన్నమాట. అయినా కొంటాం!

రూమ్ హీటర్ గురించి అడుగుతారు. నా ఉద్దేశంలో మన ఊరికి అది చాలా ఇళ్లలో అనవసరం. పసిపిల్లో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే సరే. 2000 వాట్ల హీటర్ ఆగకుండా గంట నడిస్తే రెండు యూనిట్లు. దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టకండి, గోడకున్న పవర్ ప్లగ్గుకే పెట్టండి.

బొగ్గుల కుంపటి మాత్రం తలుపులు మూసిన గదిలోకి తేనే కూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఈ మాట మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబానికి కూడా చెప్పండి. బిల్డింగు మొత్తంలో ఎండ పొడ తగలని గది తరచూ సెల్లార్‌లోని వాళ్ల గదే. రేకు డబ్బాలో కట్టెలు కాల్చుకుని, నిప్పులు లోపలికి తీసుకుపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. చెప్పి ఊరుకోకుండా, ఇంట్లో మిగిలిన జంపఖానా ఒకటి, తలుపుకు మందపాటి కర్టెన్ ఒకటి ఇచ్చి రండి. అసోసియేషన్ మీటింగులో పెట్టి తీర్మానం చేసేంత పెద్ద పనేం కాదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పుడు గొంగడినీ, శాలువాలనూ దులిపి, ఒక పూట ఎండలో వేసి, ఎండిన వేపాకు మడతల మధ్య పెట్టి దాచండి. తడి ఆరకుండా మడిస్తే మాత్రం వచ్చే డిసెంబరుకు బూజు వాసన వస్తుంది.

ఉంటాను, నమస్కారం.