బీరువా తాళంచెవి

శ్రోతలకు నమస్కారం.

చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసిపెట్టడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఒకసారి మన పాతబస్తీలో, సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే ఒక సంస్థవాళ్లు పిలిస్తే వెళ్లాను. దాన్ని పెట్టి నడిపించిన పెద్దాయన అప్పుడే కూతురి దగ్గర ఉండడానికి వేరే ఊరు వెళ్లిపోయారు. నా ముందు ఒక చెప్పుల డబ్బా పెట్టారు. నిండా రసీదులు. సమావేశాల్లో ఏం అనుకున్నారో రాసిపెట్టే మినిట్స్ పుస్తకం లేదు. దాతల నంబర్లు ఆయన ఫోన్‌లో ఉండేవట. బీరువా తాళంచెవి కూడా పొరపాటున ఆయన సంచిలోనే వెళ్లిపోయింది. ఏ పిల్ల ఎంతవరకు చదివింది, ఎవరు ఎందుకు మానేశారు అని అడిగితే, "అవన్నీ సార్‌కే తెలుసండీ" అన్నారు.

ఆ సార్ మంచి మనిషి. తన పెన్షన్ పెట్టి నడిపారు. కానీ ఆయన రైలెక్కగానే పదకొండేళ్ల అనుభవం కూడా ఆయనతోనే రైలెక్కింది.

2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడు సంతకాలు దొరకడం పెద్ద కష్టం కాదు, బావమరిదిని కూడా కలుపుకుంటే సరి! ఆ ఏడుగురూ పని పంచుకోవడమే కష్టం. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది కదా. 1901లో, నిజాం కాలంలో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు మొదలుపెట్టారు. వాళ్లు పోయి ఎన్నేళ్లయింది! తాళంచెవి చేతులు మారుతూ వచ్చింది కాబట్టే గ్రంథాలయం మిగిలింది.

రాసిపెట్టుకున్న అనుభవం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మన పక్కనే రంగారెడ్డి జిల్లా ఉంది. అక్కడ ఎం.వి. ఫౌండేషన్ బాల కార్మికుల మధ్య పనిచేసింది. పదేళ్లు దాటిన పిల్లను పని మాన్పించి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుంది. అందుకని ముందు క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి, ఆ తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఊరూరా తిరిగి, తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడి నేర్చుకున్న పద్ధతి అది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ తీసి చూడండి. బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చాలి, మిగతావాళ్లను అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని ఉంటుంది. పల్లెల్లో చేసి చూసిన పని చట్టంలో ఒక వాక్యంగా కనబడితే నాకైతే ఒళ్లు పులకరిస్తుంది.

ఇలా అనుభవాన్ని రాసిపెట్టుకోవడానికి డబ్బు కావాలి. చిక్కంతా అక్కడే. దాత అంటాడు, "నా రూపాయి పిల్లల పుస్తకాలకే పోవాలి, మీ ఆఫీసుకు కాదు" అని. విదేశీ విరాళాల చట్టమూ అంతే. పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్న హద్దును 2020లో 20 శాతానికి దించారు. దుబారా ఆగాలి, కాదనను. అయితే అకౌంటెంట్ జీతం కూడా అందులోకే వస్తుంది. లెక్క రాసే మనిషి లేకుండా లెక్క అడిగితే ఎలా? అకౌంటెంట్‌ని కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకోవచ్చు. నిజమే అనుకోండి.

పాతబస్తీ సంస్థ సంగతి చెప్పి ముగిస్తాను. బీరువాకు కొత్త తాళం వేసి, రెండు చెవులు ఇద్దరి దగ్గర ఉంచారు. హాజరు పట్టీ పక్కన, రాని పిల్ల ఎందుకు రాలేదో ఒక్క ముక్క రాయమన్నాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఓపికగా రాసింది. రెండు నెలలయ్యాక చూస్తే, ఆడపిల్లలు రోజు విడిచి రోజు మానేస్తున్నారు. పక్కన రాసిన కారణం ఒక్కటే: "నల్లా". బస్తీలో మంచినీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు, సరిగ్గా ఆరింటికి.

ఇప్పుడు నీళ్లొచ్చే రోజున అక్కడ క్లాసు ఏడింటికి మొదలవుతుంది.