చంటిపిల్లలకు చలికన్నా మన హడావిడితోనే ముప్పు

[తెర మీద: అలమరలో కొబ్బరినూనె సీసా. నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. ఒక చేయి సీసాని తలకిందులు చేస్తుంది, చుక్క కూడా జారదు.]

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సీసాలో నూనె ఇలా పేరుకుందంటే మీ గది అంతకన్నా చల్లబడిందని లెక్క. పెద్దవాళ్ళకి అది హాయి. ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకుంటాం, అంతే. పక్కన పడుకున్న నెలల బిడ్డ సంగతి వేరు.

[కెమెరా ముందు వ్యాఖ్యాత.]

నమస్తే. నేను పిల్లల వార్డులో నర్సుని, ఉండేది ఆదిలాబాద్‌లో. తెలంగాణలో చలి అనగానే ముందు వినిపించే పేరు మాదే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి దిగడం మాకు కొత్త కాదు. ఆ రోజుల్లో వార్డుకి వచ్చే అమ్మానాన్నలు ఎక్కువగా చెప్పే మాట "చలి తగిలిందండీ" అని. కాస్త ఆరా తీస్తే చాలాసార్లు తగిలింది చలి కాదని తెలుస్తుంది. పొగ తగిలి ఉంటుంది, లేదా మరిగే నీళ్ళు తగిలి ఉంటాయి, లేదా ఎవరికో రాసిచ్చిన సిరప్ వీళ్ళకి పట్టి ఉంటారు. చలి నుంచి కాపాడాలని చేసే పనులే ఎక్కడ బెడిసికొడతాయో ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: పసిబిడ్డ బొమ్మ. భుజాల మధ్య భాగం గోధుమరంగులో మెరుస్తుంది.]

ముందు బిడ్డ ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. మనకి చలేస్తే వణుకుతాం, ఆ వణుకుతోనే వేడి పుడుతుంది. పుట్టిన కొత్తలో పిల్లలు అలా వణకలేరు. మెడ చుట్టూ, భుజాల మధ్య ఉండే బ్రౌన్ ఫ్యాట్ అనే కొవ్వు ఖర్చయి వాళ్ళకి వేడినిస్తుంది. దాని నిల్వ కొంచెమే. పైగా బరువుతో పోలిస్తే వాళ్ళ చర్మం విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా బయటికి పోతుంది. తల ఒక్కటే ఒంటి విస్తీర్ణంలో దాదాపు ఐదో వంతు. పుట్టగానే టోపీ పెట్టేది అందుకే. మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అందుకే.

బిడ్డని వెచ్చగా ఉంచడానికి అన్నిటికన్నా మంచి దారి అమ్మ ఒళ్ళు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు సరిపోక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదే. డైపర్, టోపీ, సాక్సులతో బిడ్డని గుండెకి ఆనించుకుని పైనుంచి శాలువా కప్పుకోవాలి. ఇది నాన్నలూ చేయొచ్చు. వార్డులో చొక్కా విప్పమంటే మొదట సిగ్గుపడతారు. కాసేపటికి బిడ్డని ఇవ్వమన్నా ఇవ్వరు.

[తెర మీద: స్వెట్టర్, మంకీ క్యాప్, శాలువా, దాని మీద ఇంకో దుప్పటి. వాటి మధ్య ఎర్రబడ్డ చిన్న మొహం.]

ఇక బట్టలు. "చేతులు మంచులా ఉన్నాయి" అని ఇంకో స్వెట్టర్ తొడుగుతాం. పసిపిల్లల చేతులు, పాదాలు కాస్త చల్లగా ఉండడం మామూలే. చూడాల్సింది మెడ వెనక, పొట్ట. అక్కడ చేయి పెడితే గోరువెచ్చగా, పొడిగా తగలాలి. తడిగా ఉంటే ఒక పొర తీసేయండి. చల్లగా ఉంటే ఒక పొర వేయండి. మనం వేసుకున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ ఉంటే చాలు. జనవరిలో బిడ్డ మెడ మడతల్లో చెమటకాయలు కనిపించాయంటే ఏం జరుగుతోందో మీకే అర్థమవుతుంది. ఉన్ని నేరుగా తగిలితే దురద పెడుతుంది కాబట్టి లోపల నూలు బట్ట వేయండి.

రాత్రి పడుకోబెట్టేటప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. మొహం మీదికి జారే దుప్పటి, మెత్తటి దిండు, కళ్ళ మీదికి దిగే మంకీ క్యాప్ వద్దు. వాటి బదులు ఒళ్ళంతా కప్పే బట్టలు, కాళ్ళకి సాక్సులు చాలు. బిడ్డ అమ్మ పక్కనే పడుకోవడం మన ఇళ్ళలో మామూలే కాబట్టి ఒక్క మాట: బరువైన బొంత పెద్దవాళ్ళకే, అది బిడ్డ మీదికి రాకూడదు.

[తెర మీద: బాత్రూమ్. బకెట్, చెంబు, పీట. పీట మీద పెద్దావిడ కాళ్ళు చాపి కూర్చుంది, కాళ్ళ మీద బిడ్డ.]

లాల పోయడం దగ్గరికొద్దాం. నాకు ఇష్టమైన దృశ్యం ఇది. ఇందులో మంచి చాలా ఉంది. కాళ్ళ మీద బోర్లా వేసుకుని వీపు రుద్దుతుంటే ఏడ్చే పిల్లలు కూడా కాసేపటికి మత్తుగా అయిపోతారు. ఆ చేతుల నేర్పు పుస్తకం చదివితే వచ్చేది కాదు. పెద్దావిడని పక్కన పెట్టేసి ఇంటర్నెట్ చూసి స్నానం చేయించమని నేను చెప్పను. ఆవిడ చేసే వాటిలో రెండు పనులు మాత్రం ఆపించండి.

మొదటిది ముక్కులో, చెవుల్లో నూనె పోయడం. కోడలు వద్దంటే ఇంట్లో సాగే సంభాషణ ఇలా ఉంటుంది:

"ముక్కుల రెండు చుక్కలు పొయ్యి బిడ్డా, కఫం ఊడిపోతది."

"నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తదట అత్తమ్మా. డాక్టర్ వద్దన్నరు."

"మీ ఆయనకి పోసిన, మంచిగనే ఉన్నడు కదా."

ఈ మాటకి ఏం బదులు చెప్తాం! ఆయన బాగానే ఉన్నాడు, నిజమే. ఊపిరితిత్తుల్లోకి నూనె దిగిన పిల్లలు మాత్రం వార్డుకి వస్తారు. ఆ నూనె దగ్గితే బయటికి రాదు, లోపలే ఉండి వాపు తెస్తుంది. వాదన పెంచకుండా పని మార్చండి. మెడికల్ షాపులో సెలైన్ నాసల్ డ్రాప్స్ దొరుకుతాయి, ఉత్త ఉప్పునీళ్ళే. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో రెండు చుక్కలు మీరు వేయరు, అత్తమ్మ చేతే వేయిస్తారు. గొడవ ఉండదు, ముక్కూ తెరుచుకుంటుంది.

రెండోది సాంబ్రాణి పొగ. దాని గురించి పడుకునే గది సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

[తెర మీద: ఖాళీ బకెట్. ముందు చన్నీళ్ళు, తరవాత వేడినీళ్ళు. మోచేయి ముంచి చూస్తారు.]

నీళ్ళు కలిపేటప్పుడు వరస ముఖ్యం. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, ఆ తరవాతే వేడినీళ్ళు. పొయ్యి మీద మరిగిన నీళ్ళు ముందు పోసి "చన్నీళ్ళు తెస్తా" అని వెనక్కి తిరిగేలోపు పాకే పిల్ల ఆ బకెట్ అంచు పట్టుకుంటుంది. చలికాలంలో కాలిన పిల్లల కథల్లో ఇది మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. వాటర్ హీటర్ రాడ్ అయితే ప్లగ్ తీసేదాకా పిల్లల్ని బాత్రూమ్ దరిదాపుల్లోకి రానివ్వకండి. స్విచ్ ఆపడం ఒక్కటీ చాలదు. గీజర్ ఉంటే 50 డిగ్రీలకి మించకుండా పెట్టుకోండి. గ్యాస్ గీజర్‌ని బాత్రూమ్ లోపల బిగించి తలుపు మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, స్నానం చేస్తూనే మనిషి కూలిపోతాడు. దాన్ని బయట బిగించాలి.

ఒకవేళ కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు చన్నీళ్ళు పారనివ్వండి. చలికాలం కాబట్టి కాలిన చోటు తప్ప మిగతా ఒళ్ళు కప్పి ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, ఐస్ ఏవీ పెట్టొద్దు. తరవాత ఆసుపత్రి.

స్నానం త్వరగా ముగించి తల ముందు తుడవండి. ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె రాస్తే ఆ తడి చర్మంలో నిలుస్తుంది. చలిగాలిలో తేమ తక్కువ, బుగ్గలు పగిలేది అందుకే. చర్మం పొడిబారే పిల్లలకి రోజూ నలుగు పెట్టి రుద్దితే ఇంకా పగులుతుంది. మరీ చలిగా ఉన్న రోజు గుడ్డతో ఒళ్ళు తుడిచినా ఏం కాదు. లాల పోయకపోతే నిద్రపోదంటారా, సరే, మధ్యాహ్నం ఎండ వచ్చాక పోయండి.

[తెర మీద: మూసిన కిటికీ. మూలన నిప్పుల కుంపటి, పక్కన దోమల కాయిల్, సాంబ్రాణి ధూపం. గది పైభాగంలో పొగ తెర.]

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద సమస్య ఈ గదే. కిటికీలు బిగించి, గుమ్మం కింద గుడ్డ పెట్టి, లోపల కుంపటి రాజేస్తాం. బొగ్గులు కాలితే ఇందాక చెప్పిన కార్బన్ మోనాక్సైడే వస్తుంది. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల వార్తలు మీరూ చదివే ఉంటారు. పడుకునే గదిలో కుంపటి అసలు వద్దు.

దోమల కాయిల్ ఒకటి కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. దోమతెర కట్టుకుంటే ఆ బాధే ఉండదు. సాంబ్రాణి కూడా పొగే. తల ఆరాలంటే మెత్తటి తువ్వాలు చాలు. ఇల్లంతా ఆ వాసన ఉండాలని పెద్దవాళ్ళకి అనిపిస్తే బిడ్డ లేని గదిలో, కిటికీ తీసి వేసుకోమనండి.

చలికాలంలో నేల దగ్గరి గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉండి మూత పెట్టినట్టు అవుతుంది. ఊళ్ళో పొగ పైకి పోక కిందే తిరుగుతుంది. తెల్లవారుజామున కిటికీలు బార్లా తెరవమని నేను చెప్పనిది అందుకే. ఎండెక్కాక తెరవండి, పొద్దు వాలేదాకా ఉంచండి. జలుబు వైరస్‌లు కూడా మూసిన గదిలోనే ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతాయి.

[తెర మీద: చీమిడి ముక్కుతో నాలుగేళ్ళ పిల్లాడు, చెల్లెలి బుగ్గ మీద ముద్దు పెడుతున్నాడు.]

జలుబు చన్నీళ్ళ వల్లో పెరుగు వల్లో రాదు. వైరస్ వల్ల వస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చేది చాలాసార్లు అంగన్‌వాడీకో స్కూలుకో వెళ్ళొచ్చిన పెద్ద పిల్లలే. రాగానే చేతులు కడిగించండి. చిన్నపిల్లలకి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు రావడం మామూలు, దగ్గు రెండు మూడు వారాలు సాగడం కూడా మామూలే. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు.

సిరప్‌ల సంగతి గట్టిగా చెప్పాలి. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్ళ లోపు వాళ్ళకి కూడా మామూలుగా అవసరం లేదనీ కేంద్రం రాష్ట్రాలకి రాసింది. ఇంట్లో మిగిలిన సీసా ఉంటే పారబోయండి. ఏడాది దాటిన పిల్లలకి పడుకునేముందు చెంచా తేనె దగ్గుని తగ్గిస్తుంది. ఏడాది లోపు మాత్రం తేనె నాకించొద్దు, కండరాలు చచ్చుబడే బాట్యులిజం అనే జబ్బు రావచ్చు. కర్పూరం కలిసిన బామ్‌లు రెండేళ్ళ లోపు వద్దు. కర్పూరం బిళ్ళ మింగితే ఫిట్స్ వస్తాయి, దేవుడి గూట్లో అందకుండా పెట్టండి. గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టించడం కూడా వద్దు, గిన్నె ఒలికితే ఒళ్ళు కాలుతుంది.

[తెర మీద: నిద్రపోతున్న బిడ్డ. చొక్కా పైకి లేపి ఉంది, పొట్ట లేస్తూ దిగుతూ ఉంది. పక్కన గడియారం ముల్లు.]

మరి ఆసుపత్రికి ఎప్పుడు పరిగెత్తాలి? ఇది నేర్చుకోండి. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటని లెక్కపెట్టండి. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెండుతో హెచ్చించకండి, పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా ఆపైన ఉంటే అది వేగంగా ఊపిరి తీయడం. న్యుమోనియా కావచ్చు, అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా పడి ఉన్నా రాత్రి పన్నెండైనా సరే 108కి ఫోన్ చేయండి. రెండు నెలల లోపు బిడ్డకి జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడి పాలు మానేసినా ఆగొద్దు.

న్యుమోనియాని అడ్డుకునే పీసీవీ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం: ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. ఫ్లూ టీకా ఆరు నెలలు దాటాక ఏటా వేయించమని పిల్లల డాక్టర్లు చెప్తారు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలు, ఆ తరవాత ఇంట్లో వండిందే మెత్తగా చేసి పెట్టండి. పెరుగు గది వేడికి వచ్చాక పెట్టొచ్చు, అరటిపండూ పెట్టొచ్చు.

[తెర మీద: పళ్ళెంలో రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, నానిన శనగలు, బంతిపూల రేకులు, రూపాయి నాణేలు.]

ఇంకొన్ని రోజుల్లో భోగి. మంటల్లో టైర్లు, ప్లాస్టిక్ వేస్తే బిడ్డని ఆ పొగలో ఎత్తుకుని నిలబడకండి. ఇక భోగిపళ్ళు. చంటిదాన్ని కూర్చోబెట్టి, చుట్టూ పేరంటాళ్ళు, ఫొటోల హడావిడి. పళ్ళెంలో ఉన్న వాటిలో రేకులు తప్ప మిగతావన్నీ గొంతులో ఇరుక్కునే సైజే. ఏడాది లోపు బిడ్డకి ఏదైనా అడ్డుపడి ఏడుపు, దగ్గు రాకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా వేసుకుని భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు తట్టండి. వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కండి. వస్తువు బయటికి వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించండి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. గట్టిగా దగ్గుతుంటే మాత్రం దగ్గనివ్వండి.

వేడుక మానక్కర్లేదు. బిడ్డని ఒక దుప్పటి మీద కూర్చోబెట్టండి. చిన్నపిల్లలకైతే రేకులు ఎక్కువ, పళ్ళు తక్కువ వేసుకోండి. పళ్ళెంలో ఎన్ని నాణేలు వేశారో ముందే లెక్కపెట్టుకోండి. పోయడం అయ్యాక బిడ్డని ఎత్తుకుని, దుప్పటి నాలుగు మూలలూ మడిచి తీసి, నాణేలు మళ్ళీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గిందంటే ముందు బిడ్డ నోట్లో, ఒళ్ళో, గౌను మడతల్లో చూడండి. అక్కడా లేకపోతే, బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్నా సరే, ఎక్స్‌రే తీయించండి.