తెలుగు లిపిలో హీబ్రూ రాసుకోకండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఒకసారి చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను, వాళ్ళేమీ అనుకోరు. కరపత్రంలో నా అంశం ‘హీబ్రూ భాష ఔన్నత్యం’ అని వేశారు. ఔన్నత్యం సంగతి ఇంకోసారి చూద్దాం. ముందు వరసల్లో బైబిలు కాలేజీ పిల్లలున్నారు. వెనక వరసల్లో ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్ పనికి వెళ్ళబోయేవాళ్ళు ఉన్నారని చెప్పారు. మీ ఇద్దరికీ ముందుగా కావలసింది పలకరింపులు, పేర్లు, అక్షరాలు. ఈ గంటలో ఆ మూడూ చూద్దాం. బోర్డు, సుద్దముక్క పెట్టించినందుకు నిర్వాహకులకు దండాలు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. మీలో చాలామంది జేబుల్లో ఒక జిరాక్స్ కాగితం ఉంటుంది. ‘షాలోం: నమస్కారం. బోకర్ టోవ్: శుభోదయం. మా ష్లోంకా: ఎలా ఉన్నారు?’ ఇలా వరసగా, అంతా తెలుగు అక్షరాల్లో. ఎవరు రాశారో తెలియదు గానీ చేతులు మారుతూనే ఉంటుంది. దాని మీద నాకు చాలా కోపం. ఈ ప్రసంగం సగం ఆ కోపమే అనుకోండి.

‘మా ష్లోంకా’నే తీసుకోండి. అసలు మాట ‘మా ష్లోమ్‌ఖా’. అది మగవాణ్ణి అడిగేది. ఆడమనిషినైతే ‘మా ష్లోమేఖ్’ అనాలి. కాగితంలో ఆ రెండోది లేనే లేదు. మీరు చూసుకోబోయేది ఎనభై ఏళ్ళ ముసలమ్మ అయితే, రోజూ పొద్దున్నే ఆవిణ్ణి మగవాణ్ణి అడిగినట్టు అడుగుతారు. ఆవిడ మంచిదైతే నవ్వి ఊరుకుంటుంది.

తెలుగువాళ్ళం ఇక్కడే జారతాం. మనకు ‘నువ్వు’లో ఆడా మగా లేదు, ‘నేను వస్తాను’లోనూ లేదు. హీబ్రూలో రెండుచోట్లా ఉంది. నువ్వు అనడానికి మగవాడికి ‘అతా’, ఆడవాళ్ళకు ‘అత్’. ‘నాకు అర్థం కావడం లేదు’ అని మగవాడు ‘అనీ లో మేవీన్’ అంటాడు, ఆడమనిషి ‘అనీ లో మెవినా’ అంటుంది. హిందీ వచ్చినవాళ్ళు ‘జాతా హూఁ, జాతీ హూఁ’ గుర్తు తెచ్చుకుంటే చాలు, దారి దొరుకుతుంది.

ఇంకో జారుడు మెట్టు మర్యాద. మనం పెద్దవాళ్ళను ‘మీరు’ అంటాం కదా అని హీబ్రూలోనూ బహువచనం వెతుకుతారు. ‘అతెమ్’ అనే మాట దొరుకుతుంది. అది ఒక్క మనిషికి వాడకూడదు. గదిలో ఒక్క తాతగారే ఉంటే, ఆయన వెనక్కి తిరిగి ఇంకెవరొచ్చారా అని చూస్తారు. తాతగారైనా, డాక్టరైనా, మంత్రిగారైనా ‘అతా’నే. మొదట్లో నోరు రాదు. అనండి, అమర్యాద కాదు.

ఆడా మగా తడబాటు తీరేదాకా ‘మా నిష్మా?’ అని అడగండి. ‘ఏమిటి విశేషాలు’ లాంటిది, ఎవరినైనా అడగొచ్చు. జవాబు ‘బెసేదెర్, తోదా’, బాగానే ఉన్నాను, థాంక్స్ అని. పెద్దవయసువాళ్ళు, భక్తిపరులు ‘బారూఖ్ హషేమ్’ అంటారు, దేవుడి దయ అన్నట్టు.

ఇప్పుడు ఉచ్చారణ. ‘ష్లోమ్‌ఖా’లోని ఖ మన ‘లేఖ’లోని ఖ కాదు. గొంతు వెనక నుంచి గీరుకుంటూ వచ్చే గాలి. ఉర్దూ చదివినవాళ్ళకు ‘ఖే’ అక్షరం తెలుసు, ‘ఖబర్’ అనే మాట తెలుసు, వాళ్ళకు చిక్కు లేదు. మిగతావాళ్ళు ‘ఖ’ అని రాసుకుంటే ‘క’ అని చదువుతారు, అందుకే ఆ కాగితంలో ‘ష్లోంకా’ అయింది. రెండోది, చివరి హల్లు. మన నాలుక ఊరుకోదు, ‘షాలోము’ అని ఉకారం తగిలిస్తుంది. తగిలించకండి. మొదటి అక్షరం సాగదీయకండి కూడా. ‘ష-లోమ్’, ఊనిక రెండోదాని మీద. కానీ ‘బోకెర్’, ‘ఎరెవ్’, ‘లైలా’లకు ఊనిక మొదట. మూడోది సాదీ అనే అక్షరం. చాప, చుట్టం, చొక్కా అనేటప్పుడు నాలుక పళ్ళ వెనక తగిలే చ ఉందే, దాదాపు అదే. పాత నిఘంటువుల్లో దాని మీద చిన్న గుర్తు కూడా వేసేవారు. అంటే కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. కానీ చిలక, చెట్టు అనేటప్పుడు మన చ మారిపోతుంది చూశారా? హీబ్రూలో మారకూడదు. సీయోను అసలు పేరు సాదీతోనే మొదలు, అందులో ఇకారం ముందు కూడా చాపలోని చ నే పలకాలి.

ఇక అక్షరాలు. మొత్తం 22, అన్నీ హల్లులే. కుడి నుంచి ఎడమకు రాస్తారు, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. అచ్చుల కోసం కింద, పైన పెట్టే చుక్కలు, గీతలు, అంటే ‘నికుద్’, బైబిల్లో, ప్రార్థన పుస్తకాల్లో, పిల్లల పుస్తకాల్లో కనిపిస్తాయి. పేపర్లో, బస్సు బోర్డు మీద, మందు పెట్టె మీద సాధారణంగా ఉండవు.

ఈ అక్షరాల పేర్లు మీ ఇళ్ళలో ఇప్పటికే ఉన్నాయి. తెలుగు బైబిల్లో 119వ కీర్తన తెరవండి. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని ఎనిమిదేసి వచనాలకు ఒక పేరు వేసి ఉంటుంది. 22 అక్షరాలు, 8 వచనాలు, మొత్తం 176. మూలంలో ఒక్కో భాగంలోని ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. అనువాదంలో అది నిలవలేదు కాబట్టి ఆ పేర్లు దాటేసి చదువుతున్నాం. పాస్టరు పిల్లలూ, ఈ రాత్రికి ఆ పేర్లు వరసగా పైకి చదవండి.

కానీ రాయడం ఆ వరసలో నేర్చుకోవద్దు. పేర్లతో నేర్చుకోండి. మోషే, దావీదు, రూతు మీకు ముందే తెలుసు, కొత్తది రాతే. బోర్డు చూడండి.

‘షలోమ్’: షీన్, లామెద్, వావ్, చివర మేమ్. షీన్‌కు మూడు కొమ్ములు. లామెద్ ఒక్కటే పై గీత దాటి లేస్తుంది. వావ్ నిలువు గీత, ఇక్కడ ‘ఓ’ అని పలుకుతుంది. మాట చివరి మేమ్ మూసిన పెట్టెలా ఉంటుంది. ‘మోషే’: మేమ్, షీన్, హే. మాట మొదట్లో మేమ్‌కు కింద ఎడమ మూల తెరిచి ఉంటుంది. ఓకారం రాయలేదు, చివరి హే పలకదు. ఇలాంటివి పేరు తెలిస్తేనే చదవగలం. ‘దావిద్’: దాలెత్, వావ్, దాలెత్. ఇక్కడ వావ్ ‘వ’. ‘రూత్’: రేష్, వావ్, తావ్. ఇక్కడ అదే వావ్ ‘ఊ’. ‘మిర్యామ్’: మేమ్, రేష్, యోద్, చివర మేమ్. రెండు మేమ్‌లూ ఒకే పేరులో దొరికాయి. ‘నాతాన్’: నూన్, తావ్, చివర నూన్. చివరి నూన్ కాలు గీత కిందికి దిగుతుంది. ఒక పలకరింపు, అయిదు పేర్లు, పది అక్షరాలు వచ్చేశాయి.

మిగతా పన్నెండు. ‘అవ్రాహామ్’లో ఆలెఫ్, బేత్. ‘యోసేఫ్’లో సామెఖ్, పే. ‘యిత్స్‌ఖాక్’, అంటే మన ఇస్సాకు, అందులో సాదీ, హేత్, ఖోఫ్. ‘యాకోవ్’లో అయిన్. ‘ఎజ్రా’లో జాయిన్, ‘గాద్’లో గీమెల్, ‘మీఖాయేల్’లో కఫ్. ‘తోవ్’, అంటే మంచి, అందులో తేత్. అయిపోయాయి. రోజుకు రెండు పేర్లు, ఒక్కోటి ఒక నిండు పేజీ రాయండి. తెలుగు పక్కన రాయకండి! రాస్తే కళ్ళు తెలుగు మీదికే పోతాయి, హీబ్రూ బొమ్మలా మిగిలిపోతుంది. ఆ కాగితం చేసే ద్రోహమే అది.

అబ్రాహాము, యాకోబు, యోసేపు ఎందుకు అవ్రాహామ్, యాకోవ్, యోసేఫ్ అయ్యాయని అడుగుతారు. బేత్, కఫ్, పే, ఈ మూడింటికీ రెండేసి పలుకులు. మాట మొదట్లో బ, క, ప. మాట చివర వ, ఆ గీరుడు ఖ, ఫ. మధ్యలో రెండూ రావచ్చు. నికుద్ ఉంటే అక్షరం కడుపులో చుక్క చూడండి, చుక్క ఉంటే బ, లేకుంటే వ. ‘బెవకషా’, దయచేసి అనే మాట, అందులో రెండు బేత్‌లు వరసగా వస్తాయి, మొదటిది బ, రెండోది వ.

దాలెత్‌కూ రేష్‌కూ తేడా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. రెండింటికీ పైన అడ్డగీత, కుడివైపు కాలు. దాలెత్‌కు అడ్డగీత కాలు దాటి కుడికి కొంచెం పొడుచుకొస్తుంది, మూల పదునుగా ఉంటుంది. రేష్‌కు మూల గుండ్రం. అంతే తేడా. ద్వితీయోపదేశకాండము 6:4 ఉంది కదా, ‘ఓ ఇశ్రాయేలూ వినుము’. అందులో చివరి మాట ‘ఎఖాద్’, ఒక్కడే అని. దాలెత్ మూల గుండ్రమైతే అది ‘అఖేర్’, ‘వేరొకడు’, అని చదువుకోవచ్చు. తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, తోలు మీద చేత్తో రాసే దాని చుట్టల్లో ఆ దాలెత్‌ను మామూలుకన్నా పెద్దదిగా రాస్తారు, ఇప్పటికీ. ఆ వచనం మొదటి మాట చివరి అయిన్ కూడా పెద్దదే. లేఖకులే అంత జాగ్రత్త పడుతుంటే, మనం సుద్దముక్కతో గబగబా గీసేస్తే ఎలా? వెనక వరస అబ్బాయీ, నీ నోట్సులో దాలెత్ మూల మళ్ళీ చూసుకో.

హే, హేత్ కూడా అంతే. హేకు ఎడమ కాలు పైగీతకు తగలదు, సందు ఉంటుంది. హేత్‌కు అంటుకుంటుంది. ‘ఖన్నా’, మన హన్నా, హేత్‌తో మొదలై హేతో ముగుస్తుంది. ఆ ఒక్క పేరు వందసార్లు రాస్తే ఈ గొడవ తీరుతుంది. సామెఖ్, చివరి మేమ్ తేడా కింది మూలల్లో: సామెఖ్ గుండ్రం, మేమ్ చదరం. చేతిరాత లిపి వేరే ఉంది, అక్కడ సామెఖ్ ఉత్త సున్నా, షీన్ ఇంగ్లీషు చిన్నబడి ఈ లాంటిది. అచ్చు లిపి స్థిరపడ్డాక దానికి వెళ్ళండి. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే చీటీలు ఆ చేతిరాతలోనే ఉంటాయి కాబట్టి వదిలేయొద్దు.

ఇంకో విచిత్రం. ‘ష్లోమ్‌ఖా’, ‘ష్లోమేఖ్’ చుక్కలు లేకుండా రాస్తే రెండూ ఒకటే: షీన్, లామెద్, వావ్, మేమ్, చివర కఫ్. ఎవరితో అంటున్నారో చూసి చదువుకోవాలి. ‘నీ పేరేమిటి’ కూడా అంతే. మగవాణ్ణి ‘మా షిమ్‌ఖా’, ఆడమనిషిని ‘మా ష్మేఖ్’, రాత ఒకటే. జవాబు సులువు: ‘ష్మీ లక్ష్మి’. మనలాగే మధ్యలో క్రియ ఉండదు. ‘అనీ మెహోదు’ అంటే ఇండియా నుంచి వచ్చాను అని. పేరు చూసి ఆడా మగా తేల్చుకోవద్దు. ‘నోఅమ్’, ‘తాల్’ ఇద్దరికీ పెడతారు. ‘నోఅ’ ఆడపేరు, బైబిల్లో సెలోపెహాదు అనే ఆయన కూతుళ్ళలో ఒకామె, అక్కడ ఇప్పుడు బాగా పెట్టే పేరు. మన నోవహు అక్కడ ‘నోఅఖ్’. ఇద్దరినీ కలిపేయకండి.

వేళను బట్టి పలకరింపులు చకచకా చెబుతాను. పొద్దున ‘బోకెర్ తోవ్’, దానికి జవాబు ‘బోకెర్ ఓర్’. సాయంత్రం ‘ఎరెవ్ తోవ్’, పడుకునేముందు ‘లైలా తోవ్’. శుక్రవారం ‘షబ్బాత్ షలోమ్’ మొదలవుతుంది. శనివారం చీకటి పడ్డాక అది ఆగి ‘షావూఅ తోవ్’ వస్తుంది. అక్కడ వారం ఆదివారంతో మొదలు. వెళ్ళొస్తానంటే ‘లెహిత్రఓత్’.

చివరిది మీ పేర్లు. క కు ఖోఫ్ రాయండి, త కూ ట కూ తేత్. జ కు గీమెల్ పక్కన పైన చిన్న కొక్కెం, చ కు సాదీ పక్కన అదే కొక్కెం. పేరు మధ్యలో వ వస్తే రెండు వావ్‌లు. ణ, ళ అక్కడ లేవు, నూన్, లామెద్‌తో సరిపెట్టుకోవాలి. రాజు: రేష్, ఆలెఫ్, కొక్కెం గీమెల్, వావ్. లక్ష్మి: లామెద్, ఖోఫ్, షీన్, మేమ్, యోద్. సుజాత పేరు పాస్‌పోర్టులో టీ హెచ్‌తో ఉంటే తేత్ బదులు తావ్ రాసేవాళ్ళుంటారు. ఏదైనా పరవాలేదు, మీ కాగితాలన్నింటిలో ఒక్కలాగే ఉండేట్టు చూసుకోండి.

ఇక ఒక్కొక్కరే వచ్చి బోర్డు మీద మీ పేరు రాయండి. ముందు ప్రతాప్ గారు. పే, రేష్, తేత్, ఆలెఫ్, పే. ఆగండి, చివరి పేకి తోక దించకండి. తోక ఉంటే ‘ప్రతాఫ్’ అవుతుంది. బయటి పేర్ల చివర ప వస్తే మామూలు పే నే ఉంచుతారు. ఆఁ, అలా. తరవాత ఎవరు?