ఫిల్మ్ సిటీకి వెళ్తే రూము ఎక్కడ తీసుకోవాలి? బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు. ఈ వీడియో రామోజీ ఫిల్మ్ సిటీ లోపల ఏం చూడాలి, ఏ షో ఎన్నింటికి అనే వీడియో కాదు, అవి ఇప్పటికే బోలెడు ఉన్నాయి. ఇది రూము వీడియో. మన విజయవాడ నుంచో గుంటూరు నుంచో పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వేసుకుని వెళ్తే రాత్రి ఎక్కడ పడుకోవాలి, అంతే. హోటల్ పేర్లు మాత్రం చెప్పను, ముందే చెప్తున్నా, హైవే మీద హోటళ్ళకి ఓనర్లు మారిపోతుంటారు, నేను ఇవాళ సూపర్ అన్నది మీరు వెళ్ళేసరికి వేరేవాళ్ళ చేతిలో ఉంటే తిట్లు నాకు పడతాయి. ఎలా చూసుకోవాలో చెప్తా, మీరే వెతుక్కోండి.

మొదట ఈ యాప్‌ల సంగతి. హైదరాబాద్ అని కొట్టగానే అమీర్‌పేట, మాదాపూర్, గచ్చిబౌలి అన్నీ పైన వచ్చేస్తాయి, ఫొటోలు కూడా వాటివే ధగధగలాడుతుంటాయి. మనకి అవి ఎందుకండీ అసలు? ఫిల్మ్ సిటీ ఉన్నది ఊరికి ఇవతల, మన వైపు. స్క్రీన్ మీద మ్యాప్ పెట్టా చూడండి. విజయవాడ నుంచి అరవై అయిదో నంబర్ హైవే పట్టుకుంటే నందిగామ దాటి, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్, ఆ తర్వాత ఎడమ చేతి వైపు ఫిల్మ్ సిటీ. గుంటూరు వాళ్ళు కొందరు పిడుగురాళ్ళ, మిర్యాలగూడ మీదుగా వస్తారు, వాళ్ళూ నార్కట్‌పల్లి దగ్గర ఇదే రోడ్డెక్కుతారు. అంటే మనం సిటీలోకి అడుగుపెట్టక ముందే పార్క్ వచ్చేస్తుంది. దాన్ని దాటేసి, ఎల్బీ నగర్ ట్రాఫిక్ దాటేసి, ఇంకో గంట పైన వెళ్ళి మాదాపూర్‌లో పడుకుని, పొద్దున్నే అదంతా మళ్ళీ వెనక్కి రావడం... మా మరిది అదే చేస్తా అంటే అరగంట సేపు ఫోన్‌లో చెప్పాల్సొచ్చింది, మాల్ దగ్గరుంటుంది వదినా అంటాడు. మాల్ మన పటమటలో లేదా నాయనా.

సరే ఇప్పుడు లోపలా బయటా. ఫిల్మ్ సిటీ లోపలే హోటళ్ళున్నాయి, సితార, తార కొంచెం పై లెవెల్, శాంతినికేతన్ బడ్జెట్, సహారా ఎక్కువగా గ్రూపులకి. లోపలి ప్యాకేజీలు చూసి అమ్మో ఇంత రేటా అని వెంటనే క్లోజ్ చేసేస్తాం కదా, ఒక్క నిమిషం ఆగండి. వాటిల్లో చాలా వాటికి ఎంట్రీ టికెట్, బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఉంటాయి. బయట రూము రేటుకి మీ అందరి టికెట్లు, రెండు పూటలా కారు లేదా క్యాబ్, టిఫిన్ ఖర్చు కలిపి అప్పుడు పక్కపక్కన పెట్టండి. ఇద్దరే వెళ్తున్నా, ఒక పిల్లాడితో వెళ్తున్నా తేడా పెద్దగా ఉండకపోవచ్చు, అప్పుడు లోపలే హాయి. అదే మాలాగా ఆరుగురు ఏడుగురు, రెండు రూములు కావాలంటే మాత్రం లెక్క మారిపోతుంది, బయటే నయం. అందులోనూ లోపల ఉంటే రాత్రి తిండి వాళ్ళ రెస్టారెంట్లోనే, మా మావయ్య గారికి పెరుగన్నం పడకపోతే నిద్ర పట్టదు, ప్రతిదానికీ రూమ్ సర్వీస్‌కి ఫోన్ కొట్టడం ఆయనకి నచ్చదు.

బయట అనుకున్నారు సరే, ఎలా సెలెక్ట్ చేయాలి. అందరూ చేసే పని ఏంటంటే పొద్దున పార్క్‌కి ఎంత దగ్గర అని చూస్తారు. పొద్దున ఏముందండీ, అందరం ఉత్సాహంగా ఉంటాం, పది కిలోమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. రూము చూసుకోవాల్సింది పార్క్ నుంచి తిరిగొచ్చాక ఉండే రాత్రికి. రోజంతా నడిచి, ఆ ఎర్ర బస్సులు ఎక్కి దిగి, క్యూల్లో నిలబడి, సాయంత్రం గేటు బయటికొచ్చేసరికి చిన్నది భుజం మీద నిద్రపోతుంటుంది, పెద్దోడికి ఆకలి, అత్తయ్య గారి మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, డ్రైవింగ్ చేసే మనిషికి మాట్లాడే ఓపిక కూడా ఉండదు. పండగ సీజన్లో లైటింగులు, కార్నివాల్ అవీ పెడితే ఇంకా లేటు. ఆ టైంలో ఆ రూము మీకు ఎలా పనికొస్తుంది, ఇదొక్కటే ప్రశ్న.

దాని ప్రకారం చూస్తే మొదటిది లిఫ్ట్. నవ్వకండి, ఈ రూట్లో చాలా లాడ్జీలకి కింద షాపులు, పైన రూములు, మెట్లు నిట్టనిలువు. లిఫ్ట్ ఉందని రాసుంటుంది, కరెంట్ పోతే జనరేటర్ మీద నడుస్తుందా అని అడగండి. రెండోది వేడి నీళ్ళు. రూములో గీజర్ ఉందా, లేక పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకే హాట్ వాటర్ అనే టైపా? మనకి కావాల్సింది రాత్రి, కాళ్ళు లాగేస్తుంటే బకెట్ వేడినీళ్ళు పోసుకుంటే వచ్చే సుఖం వేరే. పార్కింగ్ అయితే సెల్లార్ ఉంటుంది కానీ ఇన్నోవా దిగదు, లేదా రాత్రి మీ కారు వెనక ఇంకో నాలుగు కార్లు పెట్టేసి పొద్దున తాళాల కోసం అందరి తలుపులూ కొట్టిస్తారు. తిండి సంగతి, రాత్రి తొమ్మిదిన్నరకి కిచెన్ ఉంటుందా అని అడగండి, లేకపోతే నడిచి వెళ్ళే దూరంలో టిఫిన్ సెంటరో కర్రీ పాయింటో ఉందా మ్యాప్‌లో చూసుకోండి.

ఇంక ఏరియాలు. పెద్ద అంబర్‌పేట, అంటే ఔటర్ రింగ్ రోడ్డు కలిసే చోటు, పార్క్‌కి బాగా దగ్గర. రాత్రి త్వరగా చేరతారు, కానీ చుట్టూ హైవే, లారీలు, పిల్లల్ని తీసుకుని రోడ్డు దాటి పాల ప్యాకెట్ తెచ్చుకోవడం కష్టం. సొంత కారుంటే ఓకే. తర్వాత హయత్‌నగర్, వనస్థలిపురం. నా ఓటు వీటికే. ముఖ్యంగా వనస్థలిపురంలో లోపలి వీధుల్లో, హైవే మీద కాదు. మామూలుగా ఫ్యామిలీలు ఉండే కాలనీలు కాబట్టి మెడికల్ షాపు, కూరగాయలు, కర్రీ పాయింట్లు, పిల్లల డాక్టరు అన్నీ పక్కనే ఉంటాయి, రాత్రి పది దాకా వీధిలో జనం తిరుగుతుంటారు. ఎల్బీ నగర్ అయితే ఫిల్మ్ సిటీ నుంచి 20 కిలోమీటర్ల పైనే, సాయంత్రం అది బాగా లాగుతుంది, కానీ మర్నాడు చార్మినార్, సాలార్‌జంగ్ ప్లాన్ ఉంటే అక్కడ మెట్రో ఉంది, మియాపూర్ లైను, ఎంజీబీఎస్‌లో, అంటే హైదరాబాద్ పెద్ద బస్టాండ్ దగ్గర, దిగొచ్చు, కారు బయటికి తీసే పనే లేదు. అన్నట్టు సాలార్‌జంగ్‌కి శుక్రవారం, జూ పార్క్‌కి సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. దిల్‌సుఖ్‌నగర్ ఇంకా ముందుకి, పార్క్ కోసం అయితే అనవసరం.

ఒక ముఖ్యమైన విషయం, ఎవరూ చెప్పరు. ముహూర్తాలు చూసి బుక్ చేసుకోండి. నిజంగా, క్యాలెండర్ తీసి చూడండి. హయత్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఫంక్షన్ హాళ్ళే ఫంక్షన్ హాళ్ళు, కొన్ని హోటళ్ళకి కిందే బాంక్వెట్ ఉంటుంది. మంచి ముహూర్తం రోజైతే రూములు పెళ్ళివాళ్ళవి, లిఫ్ట్ పెళ్ళివాళ్ళది, పార్కింగ్ పెళ్ళివాళ్ళది, డీజే మాత్రం అందరిదీ. మాకు ఒక చోట బెడ్ కింద నుంచి డ్రమ్ము కొడుతున్నట్టే వినిపించింది, రిసెప్షన్‌లో అడిగితే ఇంకో పది నిమిషాల్లో అయిపోద్ది మేడం అంటాడు, ఆ పది నిమిషాలు రాత్రి పన్నెండు దాటాయి. అందుకే ఫోన్ చేసినప్పుడు ఆ రోజు హాల్లో ఫంక్షన్ ఏమైనా ఉందా అని సూటిగా అడిగేయండి. శూన్యమాసం, ఆషాఢం అయితే ఈ గోల తక్కువ, రేటు కూడా కాస్త దిగుతుంది, బేరం ఆడొచ్చు.

లాడ్జి, హోటల్, సర్వీస్ అపార్ట్‌మెంట్ ఈ మూడింట్లో పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి వెళ్తే నేను సర్వీస్ అపార్ట్‌మెంట్‌కే ఓటేస్తా. రెండు బెడ్‌రూములు, ఒక హాలు, ఫ్రిజ్, ఇండక్షన్ స్టవ్వు. పెద్దవాళ్ళు తొమ్మిదింటికే పడుకుంటారు, మనం హాల్లో కూర్చుని నెమ్మదిగా తినొచ్చు, గుసగుసలాడక్కర్లేదు. ఇంటి నుంచి పచ్చడి, పొడి పట్టుకెళ్తే ఒక అన్నం వండుకుంటే చాలు. ఫిల్మ్ సిటీలోకి బయటి తిండి రానివ్వరు కదా, కాబట్టి పొద్దున రూములో కడుపు నిండా ఉప్మానో ఇడ్లీనో తినేసి వెళ్తే లోపల మధ్యాహ్నం దాకా పిల్లలు పీక్కుతినరు. కానీ అపార్ట్‌మెంట్‌లో రిసెప్షన్ ఉండదు, కేర్‌టేకర్ ఒకడుంటాడు, రాత్రి తొమ్మిదింటికి మీరు చేరేసరికి ఫోన్ ఎత్తకపోతే గుమ్మం ముందు లగేజీతో నిలబడాలి. అందుకే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి తాళాలు తీసుకునేలా ప్లాన్ చేసుకోండి. రిసార్ట్‌లు అని కూడా హైవే పక్కన కొన్ని కనపడతాయి, స్విమ్మింగ్ పూల్ ఫొటోలు పెడతారు, రోజంతా పార్క్‌లో ఉండి వచ్చాక ఆ పూల్‌లో దిగే ఓపిక ఎవరికి ఉంటుంది చెప్పండి, డబ్బులు వేస్ట్.

రేటు చూసేటప్పుడు యాప్‌లో మొదట కనపడే అంకె కాదు, చివరి పేజీ అంకె చూడండి. 7500 లోపు రూములకి జీఎస్టీ ఇప్పుడు 5 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి తగ్గింది, అంతకు ముందు 12 ఉండేది. ఇంకా పాత లెక్కన వేసే చోట బిల్లు అడగండి. పిల్లలు ఫ్రీ అని ఉంటే ఏ వయసు దాకా, ఎక్స్‌ట్రా బెడ్ అంటే మంచమా నేల మీద పరుపా, ఇది వాట్సాప్‌లో రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. పెద్దవాళ్ళందరికీ ఐడీ కావాలి, ఆధార్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వండి, చివరి నాలుగు అంకెలే కనపడతాయి. బాత్రూమ్ మాత్రం వీడియో కాల్‌లో చూపించమనండి. చూపించడానికి నసిగారంటే ఇంక ఆ హోటల్ సంగతి వదిలేయండి.

బస్సులో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మన నెహ్రూ బస్టాండ్‌లో ఎక్కిన హైదరాబాద్ బస్సు ఈ ఏరియాల మీదుగానే వెళ్తుంది, ఎంజీబీఎస్ దాకా పోయి వెనక్కి రావొద్దు, హయత్‌నగర్‌లోనో వనస్థలిపురం దగ్గరో దింపమని ఎక్కేటప్పుడే కండక్టర్‌కో డ్రైవర్‌కో చెప్పండి. సాయంత్రం పార్క్ దగ్గర అందరూ ఒకేసారి బయటికొస్తారు, క్యాబ్ దొరకడం కష్టం, పొద్దున తెచ్చిన ఆటో లేదా క్యాబ్ అతనితోనే తిరుగు ప్రయాణం మాట్లాడుకోండి.

కారు వాళ్ళైతే తెల్లవారుజామున బయల్దేరి డైరెక్టుగా పార్క్‌కి వెళ్ళి, సాయంత్రం రూములో చెక్ ఇన్ అవుదాం అనుకుంటారు. కుదురుతుంది, పార్క్ మన వైపే కాబట్టి. కానీ పార్క్ అయిపోయాక అదే రాత్రి బెజవాడ వచ్చేద్దాం, రూము డబ్బులు మిగుల్తాయి అనేది మాత్రం వద్దండీ. రోజంతా నిలబడ్డ మనిషి రాత్రి పూట నాలుగు టోల్‌గేట్లు దాటుకుంటూ లారీల మధ్య కారు నడపడం, ఆ మూడు వేలు మిగిలితే ఎంత మిగలకపోతే ఎంత. సంక్రాంతి అయితే మనకి కొంచెం రివర్స్, పండక్కి ముందు హైదరాబాద్ వాళ్ళంతా ఇటొస్తారు కాబట్టి అటు వెళ్ళే రోడ్డు ఖాళీ, కనుమ అయ్యాక మాత్రం పంతంగి టోల్ దగ్గర చూడాలి ఆ క్యూ, ఆ రెండు మూడు రోజులు మానుకోండి.

వండర్‌లా కూడా కలిపి పెట్టుకునేవాళ్ళుంటారు, అది రావిర్యాల దగ్గర, ఔటర్ మీద 13వ ఎగ్జిట్. పెద్ద అంబర్‌పేటలో ఔటర్ ఎక్కితే సిటీ ముఖం చూడకుండా వెళ్ళిపోవచ్చు, కాబట్టి రెండు పార్కులూ అనుకుంటే ఒకే రూము సరిపోతుంది, మార్చక్కర్లేదు. అప్పుడు మాత్రం బాల్కనీ ఉన్న రూము తీసుకోండి, నాలుగు జతల తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు మరి, ఒక నైలాన్ తాడు, పది క్లిప్పులు బ్యాగ్‌లో పడేసుకోండి. వాటర్ రైడ్స్‌కి కాటన్ బట్టలు ఒప్పుకోరు, స్విమ్మింగ్ డ్రెస్సులు ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి. పిల్లల టికెట్ అక్కడ వయసుని బట్టి కాదు ఎత్తుని బట్టి, బయల్దేరే ముందు గోడ దగ్గర నిలబెట్టి టేపు పట్టండి. ఉంటానండీ, బై.