కదలకుండా నిలబడే విద్య

అందరికీ నమస్కారం.

షావోలిన్ అనగానే మనకు ముందు గుర్తొచ్చే పేరు బోధిధర్ముడు. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లాడని, తొమ్మిదేళ్లు గోడకేసి చూస్తూ ధ్యానం చేశాడని, కాళ్లు పట్టేసిన సన్యాసులకు ఆయన నేర్పిన వ్యాయామమే కుంగ్‌ఫూ అయిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మనవాడు అన్న గర్వం అందులో ఉంది, నాకూ ఉంది. కానీ ఈ విద్య మీద ప్రేమ ఉన్నవాళ్లం దాని చరిత్రను ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

షావోలిన్ మఠం హెనాన్ రాష్ట్రంలో సాంగ్ పర్వతం దగ్గర ఉంది. ఉత్తర వెయ్ చక్రవర్తి దాన్ని 495 ప్రాంతంలో బాతువో అనే భారతీయ భిక్షువు కోసం కట్టించాడు. 621లో ఆ మఠం సన్యాసులు తాంగ్ రాకుమారుడు లీ షిమిన్ పక్షాన యుద్ధానికి దిగారు. ఆ సంగతి చెప్పే 728 నాటి శాసనం ఇప్పటికీ అక్కడే ఉంది. బోధిధర్ముడు యుద్ధవిద్య నేర్పాడన్న మాట మాత్రం అందులో లేదు. ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న యిజిన్‌జింగ్ అనే సాధనా గ్రంథం ఆచూకీ మొదట దొరికేది 1624లో. అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాత. దాని ముందుమాట కల్పితమని చైనా పండితులే ఎప్పుడో తేల్చేశారు.

దీనివల్ల విద్య విలువ తగ్గుతుందని నేను అనుకోను. నిజానికి ఆ 17వ శతాబ్దమే నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. అప్పటిదాకా కర్రసాముకు పేరుపడ్డ సన్యాసులు ఒట్టి చేతుల పోరాటం మీద దృష్టి పెట్టారు. చైనాలోనే పుట్టిన దావో మత సాధకుల శ్వాస పద్ధతులు, బౌద్ధుల ధ్యానం, పోరాటం ఒకే సాధనలో కలవడం అప్పుడే మొదలైంది. 1669లో హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి మీద రాసిన వాక్యాల్లో, షావోలిన్‌ది బయటి విద్య, దానికి భిన్నంగా లోపలి విద్య ఒకటుందని విడదీసి చెప్పాడు. తాయ్‌చీ, షింగ్‌యీ, బాగ్వా అనే మూడింటినీ లోపలి విద్యలుగా ఒకచోట చేర్చి జనంలోకి తెచ్చినవాళ్లలో సున్ లుతాంగ్ ముఖ్యుడు. అది 20వ శతాబ్దం మాట.

సరే, ఆ లోపల జరిగేదేమిటి?

జాన్ జ్వాంగ్ అనే సాధన ఉంది. కదలకుండా నిలబడటమే దాని పని. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టాలి. మోకాళ్లు కొద్దిగా వంచాలి. లావుపాటి చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు ఛాతీ ముందుకు తేవాలి. మొదటి నిమిషం ఏమీ అనిపించదు. మూడో నిమిషానికి భుజాలు మండుతాయి, తొడలు వణుకుతాయి. మనకు తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేస్తాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. గురువు వచ్చి భుజం మీద రెండు వేళ్లు ఆనిస్తారంతే. అక్కడ అంత టెన్షన్ ఉందని అప్పుడు తెలుస్తుంది. వదిలేస్తే ఊపిరి దానంతటదే బొడ్డు కిందికి, వాళ్లు దాన్‌త్యెన్ అనే చోటికి దిగుతుంది. షింగ్‌యీ నుంచి వచ్చిన వాంగ్ షియాంగ్‌జాయ్, వరస కట్టిన భంగిమలన్నీ పక్కన పెట్టి, ఈ నిలబడటాన్నే తన యీచ్వాన్ విద్యకు పునాది చేసుకున్నాడు.

దీనికీ దెబ్బకీ సంబంధం ఉంది. గుద్దుకు బలం నేల నుంచి పుడుతుంది. అది కాలు, నడుము, వెన్ను దాటి చేతికి రావాలి. భుజం బిగిస్తే అక్కడే ఆగిపోతుంది. సడలిస్తే పిడికిలి దాకా వస్తుంది. చీ, అంటే ఒంట్లో ప్రవహిస్తుందనే ప్రాణశక్తి గురించి సాధకులు చెప్పేదాంట్లో చాలా భాగం నాకు ఇక్కడే అర్థమవుతుంది. తాకకుండానే మనిషిని పడగొడతామని డబ్బులు వసూలు చేసేవాళ్ల దగ్గరికి దయచేసి మీ పిల్లల్ని పంపకండి.

ఇక చాన్ విషయం. ధ్యానమే ప్రధానంగా సాగే చైనా బౌద్ధ శాఖ అది. జపాన్‌లో జెన్ అంటారు. చైనాలో ఆ శాఖకు ఆరవ గురువైన హుయ్‌నెంగ్ కట్టెలు అమ్ముకునే కుర్రాడిగా ఉన్నప్పుడు ఎవరో వజ్రచ్ఛేదిక సూత్రం చదువుతుంటే విని మేల్కొన్నాడని అంటారు. ఎక్కడా తగులుకోకుండా మనసును కలగనివ్వు అన్నది ఆ సూత్రంలోని మాట. చాన్ వాళ్లు చెప్పుకునే భారతీయ గురువుల వరసలో మన నాగార్జునుడు 14వ వాడు.

మనసు ఎక్కడా తగులుకోకూడదన్న ఆ మాట ఒంటికి ఎలా పడుతుందో తాయ్‌చీలో తుయ్‌షౌ చేస్తే తెలుస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్లు ఆనించి, ఒకరినొకరు నెట్టుకుంటూ చేసే సాధన అది. ఎదుటివాడి కుడిచేతి మీదే మనసు తగులుకుంటే మన ఒళ్లు ఆ పక్కే బిగుస్తుంది. వాడు ఎడమ వైపు నుంచి తేలిగ్గా తోసేస్తాడు. గెలవాలన్న ఆత్రం ఉన్నా అంతే, ఓడిపోతామన్న భయం ఉన్నా అంతే. ధ్యానంలో ఆలోచన వచ్చినప్పుడు దాని వెంట పడకుండా ఉండటం నేర్చుకున్నవాడికి ఇక్కడ అది పనికొస్తుంది.

అయితే దీన్ని పుస్తకం చదివి పొందలేం. షావోలిన్‌లో వెయ్యి బుద్ధుల మందిరం నేల మీద వరసగా 48 గుంటలున్నాయి. సన్యాసులు తరతరాలుగా ఒకేచోట అడుగులు తొక్కి సాధన చేయడంతో పడ్డవని అక్కడివాళ్లు చెబుతారు.

ఇప్పుడు కుర్చీలు కొంచెం వెనక్కి జరపండి, ఐదు నిమిషాలు నిలబడదాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చునే చేయండి, వెన్ను నిటారుగా ఉంటే చాలు. ఊపిరి బిగపట్టొద్దు. భుజాలు మండితే చేతులు కాస్త కిందికి దించండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.