పురుగుకు రెండు పేర్లు, మందుకు మూడక్షరాలు!

నమస్కారం, బరంపురం నుంచి మాట్లాడుతున్నా. నేరుగా విషయానికి వచ్చేస్తా.

మన గంజాం వైపు బోదకాలు తెప్పించే పురుగు పేరేంటి? వుకరేరియా బాంక్రాఫ్టై. అందులో ఒకరు కాదు, ఇద్దరు దొరలున్నారు. ఒట్టో వుకరర్, జోసెఫ్ బాంక్రాఫ్ట్. సరే, రక్తంలో ఆ పురుగు పిల్లల్ని చంపే మాత్ర పేరేంటి? డీఈసీ. 1947లో దాన్ని లోకానికి తెచ్చింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద ఎవరు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు! ఆయన పేరు ఆ మాత్ర మీద ఎక్కడుంది? వెతకండి. దొరకదు. జబ్బు చేసే పురుగుకి ఇద్దరి పేర్లు, బాగుచేసే మందుకి మూడక్షరాలు. ఇదేం న్యాయం?

ఈ మాట ఇప్పుడెందుకంటే, రోగాల పేర్లలోంచి మనుషుల్ని తీసేయాలన్న గొడవ మీకు తెలిసిందే. రక్తనాళాలు వాచే ఒక జబ్బుకి పేరైన ఫ్రీడ్రిక్ వెగెనర్ నాజీ పార్టీ మనిషని తేలాక, 2011లో డాక్టర్ల సంఘాలే ఆ జబ్బుకి పేరు మార్చమన్నాయి. కీళ్ల జబ్బొకదానికి పేరైన హాన్స్ రైటర్ సంగతీ అంతే, నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరంలో ఖైదీల మీద టైఫస్ ప్రయోగాల్లో అతని చెయ్యుంది. వాళ్లిద్దర్నీ తీసేయండి, రెండు చేతులూ ఎత్తి ఒప్పుకుంటా. కానీ ఆ ఊపులో "అసలు ఏ జబ్బుకీ, ఏ పద్ధతికీ మనిషి పేరే వద్దు" అంటున్నారు చూడండి, అక్కడే నాకు మండుతుంది. వాళ్లవాళ్ల పేర్లు నూటయాభై ఏళ్లు మోగాయి. మనవాళ్ల వంతు వచ్చేసరికి పేర్లే వద్దా?

నా సిద్ధాంతం ఒకటే. పేరు కనిపెట్టినవాడికి రాదు. పేరు పెట్టే కుర్చీకి ఎవడు దగ్గరగా ఉంటే వాడికొస్తుంది. శుభలేఖ మీద ఎవరి పేర్లుంటాయి, వంటశాలలో ఎవరుంటారు? అంతే లెక్క.

కాదంటారా? ఈ పురుగు కథే తీసుకోండి. 1863లో పారిస్‌లో డెమార్కే అనే డాక్టరు దీని పిల్లల్ని మొదట చూశాడు. ఆయన పేరు మీరెప్పుడైనా విన్నారా? తర్వాత 1866లో బ్రెజిల్‌లో వుకరర్ చూశాడు, మూత్రంలో. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలోనే చూపించాడు. మన పక్క ఊరే కదా కలకత్తా, ఆయనా పేరులో లేడు. 1876లో బ్రిస్బేన్‌లో బాంక్రాఫ్ట్‌కి పెద్ద పురుగు దొరికింది. ఆయన ఏం చేశాడు? లండన్‌లో పురుగుల శాస్త్రంలో పెద్ద తలకాయ కాబోల్డ్‌కి పంపాడు. ఆ కాబోల్డ్ కూర్చుని బాంక్రాఫ్ట్ పేరు పెట్టేశాడు. చూశారా కుర్చీ మహిమ!

ఇంకా దారుణం వినండి. ఇది దోమల్లోకి వెళ్తుందని 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ తేల్చాడు. ఎలా తేల్చాడు? హిన్ లో అనే తన పనివాడి ఒంట్లో ఈ పురుగులుంటే, రాత్రిపూట అతన్ని దోమలున్న గదిలో పడుకోబెట్టి కుట్టించాడు. మర్నాడు ఆ దోమల్ని కోసి చూశాడు. మాన్సన్ "ఉష్ణమండల వైద్యపితామహుడు" అయిపోయాడు. హిన్ లో రక్తం పోశాడు, అంతే. మన వీధుల్లో రాత్రి రక్తం తీయడానికి వచ్చినప్పుడు విసుక్కుంటాం కదా, ఈ పురుగు పిల్లలు రాత్రే పైకి తేలతాయి మరి. అది మొదట తెలిసింది ఇలాంటి రక్తాల వల్లే.

ఒక్క పురుగుతో సిద్ధాంతం నిలబడుతుందా అంటారా? పాడైన తిండితో వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా చూడండి. పందుల జబ్బులో ఆ సూక్ష్మజీవిని పట్టింది థియోబాల్డ్ స్మిత్. పేరు వచ్చింది ఆయన పై అధికారి డేనియల్ సాల్మన్‌కి. చాలామంది సాల్మన్ చేపనుకుంటారు పాపం.

సింకోనా చెట్టుది ఇంకా తమాషా. పెరూ వైస్రాయి భార్య, చించోన్ దొరసానికి చలిజ్వరం ఈ బెరడుతో తగ్గిందని కథ. 1742లో మొక్కలకి పేర్లు పెట్టే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఆమె పేరు చెట్టుకి పెట్టాడు, అదీ ఒక అక్షరం మింగేసి. తీరా చూస్తే ఆవిడకి ఆ జ్వరమే రాలేదని చరిత్రకారులు తేల్చారు. రాని జ్వరానికి పేరు! మరి ఆ బెరడు నుంచి తీసే క్వినైన్ దెబ్బ నిజంగా తిన్నది ఎవరు? మన పక్క పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు. సవర భాష నేర్చుకుందామని కొండలెక్కి చలిజ్వరం తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. ఏటి బాబూ, ఆయన పేరెవరు పెడతారు చెట్టుకి?

మళ్లీ సుబ్బారావుగారికి వద్దాం. ఆయన పేరు అసలే లేదనను. ఉంది. 1925లో హార్వర్డ్‌లో రక్తంలో భాస్వరం, అదే ఫాస్ఫరస్, ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతి ఇచ్చారు, దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటారు. ముందు ఎవరున్నారో గమనించండి, అక్కడ ఆయనతో కలిసి పనిచేసిన ఫిస్కే. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థాల్ని ఆ ఫిస్కే బయటికి రానివ్వలేదనీ, తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పింది నేను కాదు, నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్. అసూయతోనే అనిపిస్తోందని కూడా అన్నాడాయన. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్, మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు... ఎన్నిటి వెనక ఉన్నారండీ ఆ మనిషి! 1948లో 53 ఏళ్లకే పోయారు. 1953లో ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పెట్టారు. ఎక్కడ దొరికిందో తెలుసా ఆ శిలీంధ్రం? మురుగునీరు శుద్ధిచేసే చోట! ప్రేమతోనే పెట్టి ఉంటారు, కాదనను, కానీ నాకు నవ్వు రాలేదు.

"పురుగులు మనుషుల పేరుతో ఉంటే రోగికి ఏం తేడా, మందు పనిచేస్తే చాలదా" అంటారు కొందరు పెద్దమనుషులు. సరే, ఆశా దీదీ ఇంటికొచ్చి ఎదురుగా మూడు డీఈసీ, ఒక అల్బెండజోల్ (నులిపురుగుల మాత్ర) మింగమన్నప్పుడు ఎంతమంది దాచి పారేస్తున్నారు? "సర్కారు మాత్ర, తల తిరుగుద్ది" అని. అదే "మన సుబ్బారావుగారి మాత్రండి, అన్నం తిని వేసుకోండి" అంటే మన వీధిలో పెద్దాయన పారేస్తాడా? పారేయడని నా పందెం.

బరంపురంలో మెడికల్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకో పని. మీ బయోకెమిస్ట్రీ రికార్డులో ఫాస్ఫరస్ ప్రయోగం పేజీ తీయండి. సుబ్బారావు పేరు ఉందా, రంగు వచ్చే పద్ధతి అని మాత్రమే రాయించారా? ఫొటో తీసి పంపండి. పేరు లేని పేజీలన్నీ వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ చూపిస్తా.