బార్బడోస్ వెళ్తున్నారా? ఏ ఒడ్డున దిగాలో ముందు తెలుసుకోండి

నమస్తే అండి. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచ కప్ గెలిచింది బార్బడోస్‌లోని బ్రిడ్జ్‌టౌన్‌లోనే. గెలిచాక మన సిరాజ్‌తో సహా జట్టంతా కొన్ని రోజులు హోటల్లోనే ఉండిపోయింది, గుర్తుందా? బెరిల్ తుఫాను వల్ల ఎయిర్‌పోర్ట్ మూసేశారు. అక్కడ తుఫానుల కాలం జూన్ నుంచి నవంబర్ వరకు. టికెట్ చవగ్గా దొరికిందని ఆ నెలల్లో బుక్ చేయకండి. డిసెంబర్ నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లండి.

కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఈ దీవికి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గిన ఆ ఒక్కటీ తూర్పు తీరం వల్ల. పడమటి వైపు కరేబియన్ సముద్రం, పిల్లలు ఆడుకునేంత నెమ్మదిగా ఉంటుంది. బ్రిడ్జ్‌టౌన్ పక్కనే ఉన్న కార్లైల్ బే కూడా అంతే. తూర్పున బాత్‌షెబా దగ్గర మాత్రం అట్లాంటిక్. బండరాళ్లు, పెద్ద అలలు, లోపలికి లాగేసే నీళ్లు. ఫొటోలు తీసుకోండి, ఈతకి మాత్రం దిగకండి, దయచేసి. ఎక్కడైనా నీళ్లు లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. వైజాగ్ బీచ్‌లో కూడా ఇదే పద్ధతి.

ఇంకోటి, మాంచినీల్ చెట్టు. బీచ్‌ల వెంట ఉంటుంది. పెద్ద ఉసిరికాయంత పచ్చటి కాయలు, తియ్యటి వాసన. కానీ అది విషం. జిల్లేడు పాలు కంట్లో పడకూడదని మన పెద్దవాళ్లు చెప్తారు కదా, దీని పాలు అంతకంటే ప్రమాదం, ఒంటి మీద బొబ్బలెక్కుతాయి. వాన పడితే ఆ చెట్టు కింద నిలబడకండి, ఆకుల మీంచి జారే నీళ్లు కూడా కాలుస్తాయి. చాలా చోట్ల కాండానికి ఎర్ర రంగు పట్టీ వేస్తారు. పట్టీ లేదని ధీమాగా ఉండకండి, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

కుళాయి నీళ్లు తాగొచ్చు, టెన్షన్ లేదు. దోమలతో మాత్రం జాగ్రత్త. డెంగీ దోమ పగలే కుడుతుంది. జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని డాక్టర్‌ని కలవండి, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు.

సైనికుల డిజైన్ బట్టలు సర్దుకోకండి. అక్కడ అవి వేసుకోవడం నేరం, పిల్లలకి కూడా.

అంబులెన్స్‌కి 511, పోలీసులకి 211, ఫైర్‌కి 311. అక్కడ మన 108 పనిచేయదు. ఈ మూడూ ఫోన్‌లో సేవ్ చేసుకుని విమానం ఎక్కండి.